మురుగు మంట మీద బోర్సోకులు

ఉమ్సునైకి కోపమొస్తే ముందు చేతులు వణుకుతాయి, ఆ తర్వాత నోరు లేస్తుంది. కోక్-ఒయ్ ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. మురుగు ప్లాంటు గోడ పక్కన కాపురం పెట్టి, వయసంతా "పెంటవాళ్ళు" అనిపించుకుంటూ గడిపిన మనిషికి ఆ మాత్రం నోరు లేకపోతే ఊరు ఆమెను ఏనాడో నమిలేసి ఉండేది. అయితే మొగుడు పోయి ఏడాది నిండబోతూ, సంవత్సరీకం విందు దగ్గర పడుతుండగా వచ్చిన కోపం వేరు. ఆ కోపంలో ఆమెకు నోరే పెగల్లేదు.

ఆమె పుట్టింది కొండ మీద గొర్రెల కాపరుల ఇంట్లో. తొలొగొన్‌ను చేసుకుని కింది ఊరికి దిగినప్పుడు అతను తనది నీళ్ళ శాఖలో ఉద్యోగమని చెప్పాడు. అబద్ధమేం కాదు, నీళ్ళే. కాకపోతే ఊరంతా వాడుకుని వదిలేసిన నీళ్ళు. కొత్తకోడలి ముసుగు తీయకముందే ఆ వాసన ఆమె ముక్కుకు పట్టుకుంది. "అలవాటైపోతుందిలే పిల్లా," అంది అత్తగారు. అలవాటైంది కూడా. ఆడపిల్లలిద్దరూ బడికి వెళ్ళే వయసొచ్చాక తనూ అదే ప్లాంటులో చేరింది. మురుగు కాలవ కడ్డీలకు చిక్కుకున్న గుడ్డలూ సంచులూ జుట్టూ కొక్కెంతో లాగి పారేసే పని. చలికాలం ఆ కొక్కెం కర్ర చేతికి అతుక్కుపోయేది.

ఆమెకు పని మీద ఎప్పుడూ కోపం లేదు. కోపమంతా ఊరి మీద. పెళ్ళికో చావుకో పిలుపొస్తే తొలొగొన్ ప్లాంటులో ఒకసారి, ఇంటికొచ్చి ఇంకోసారి స్నానం చేసేవాడు. బట్టల సబ్బుతో మెడ ఎర్రబడేదాకా రుద్దుకునేవాడు. అంత చేసి వెళ్ళి, విందులో గుమ్మం పక్కన, చిన్నపిల్లలు కూర్చునే చోట కూర్చునేవాడు. పెద్దలు కూర్చునే పై చోటుకు రమ్మని ఎవరూ పిలిచేవారు కాదు.

"నీకంటే చిన్నోళ్ళు పైన కూర్చుని గుర్రం మాంసం కోస్తుంటే నువ్వు చెప్పుల దగ్గరేం కూర్చుంటావయ్యా?" అనేది ఉమ్సునై ఇంటికొచ్చాక.

"గుమ్మం దగ్గర గాలి బాగుంటుందిలే."

"నీకా, వాళ్ళకా?"

అతను నవ్వేవాడు. ఆ నవ్వంటే ఆమెకు ఎంత ఇష్టమో అంత మంట. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఎవడికైనా ఎదురు మాట చెబుతాడేమోనని బతుకంతా చూసింది.

మాట చెప్పలేదు గానీ ఒక పని చేశాడు. ప్లాంటు వెనక సోవియట్ కాలంనాటి పెద్ద మూత తొట్టి ఒకటుండేది. మురుగు అడుగున దిగే మడ్డిని దాంట్లో పోసి, గాలి తగలకుండా మూసి, వెచ్చగా ఉంచితే అది పులిసి గ్యాస్ ఇస్తుంది. ఆ ప్రభుత్వం పోయాక తొట్టీ మూలపడింది. మడ్డిని తీసుకెళ్ళి నది ఒడ్డున కుప్పలు పోసేవాళ్ళు. ఎండాకాలం ఈగలు, వానొస్తే ఆ నల్లటి జారుడంతా నారిన్ నదిలోకి. ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. తొలొగొన్ పాత గొట్టాలు ఏరుకొచ్చి, బాగుచేసే సామాను కోసం ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి, ఆ తొట్టిని మళ్ళీ లేపాడు. మొదటి చలికాలమే అది చచ్చి ఊరుకుంది. మడ్డి చల్లబడితే గ్యాస్ రాదు, మా లోయలో చలేమో ఉమ్మి నేలకు చేరేలోపు గడ్డకట్టే చలి.

"గుడారానికి కంబళ్ళు చుట్టినట్టు దానికీ చుట్టు," అంది ఉమ్సునై.

ఆ చుట్టడం ఊరికే కాలేదు. కింది వీధి ఆడవాళ్ళంతా కూడారు. గొర్రె ఉన్ని కొట్టి, చాప మీద పరిచి, మరిగే నీళ్ళు పోసి, చుట్టగా చుట్టి, మోచేతులతో నొక్కుతూ కాళ్ళతో తొక్కుతూ వేలెడు మందం కంబళ్ళు చేశారు. ఒకదాని మీద ఒకటి తొట్టికి చుట్టి తాళ్ళతో బిగించారు. పై వీధివాళ్ళకు అది పెద్ద తమాషా అయిపోయింది. "పెంటకు గుడారం వేశార్రా! ఇక కోడల్ని తెచ్చి అందులో కూర్చోబెడతారు కాబోలు," అని పొట్ట పట్టుకుని నవ్వారు. తొట్టి మాత్రం చల్లబడలేదు. ఆ చలికాలం కింది వీధి పొయ్యిల్లో నీలం మంట లేచింది. మరుసటేడు ఊరి స్నానశాలకూ పసిపిల్లల బడికీ గొట్టం వేశారు. బొగ్గు పొగకు దగ్గి దగ్గి ఇంట్లో మూలిగే పిల్లలు ఆ బడిలో పల్చటి చొక్కాలతో పరుగులు పెట్టారు. వాళ్ళ తల్లులు పొద్దున్నే పిల్లల్ని ఆ వెచ్చదనంలో దింపేసి, తిరిగొచ్చేటప్పుడు తొలొగొన్ ఎదురైతే కండువా ముక్కు మీదకు లాక్కునేవారు. సిగ్గు అనేది ఆ వీధిలో దొరకదు.

తొలొగొన్ నిరుడు మంచు బాగా పడ్డ రోజుల్లో పోయాడు. తొట్టి చుట్టూ మంచు తోస్తూ అలిసి కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు.

అప్పటినుంచీ ఉమ్సునై ఒక్క గురువారం కూడా వదల్లేదు. పోయినవాళ్ళు గురువారం సాయంత్రం ఇంటికొస్తారు. వాళ్ళు తినేది వాసనే. పిండి ముక్కలు కోసి, కాగిన నూనెలో బోర్సోకులు వేయించి ఆ వాసన వాకిట్లోకి వదలాలి. వాసన లేని ఇంటి ముందు నుంచి వాళ్ళు ఆకలితో వెనక్కి వెళ్ళిపోతారు. ఉమ్సునై వీధి తలుపు బార్లా తీసిపెట్టి, ఎంత చలైనా సరే, ఆ నీలం మంట మీద బాణలి పెట్టి వేయించేది. ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి కబుర్లు కూడా చెప్పేది. "వచ్చావా? తిను. పంపు ఇవాళ మళ్ళీ మొరాయించింది. నువ్వుంటే ఒక తన్ను తన్నేవాడివి." ఏడాదంతా ఆమెను నిలబెట్టింది ఆ గురువారాలే.

చలికాలం మళ్ళీ వచ్చింది. సంవత్సరీకం సంగతి మాట్లాడాలని బావగారు సతిబల్ది ఆమెను తన ఇంటికి పిలిచాడు. తొలొగొన్‌కు అన్న, పై వీధిలో పెద్ద మనిషి. వెళ్ళేసరికి ఊళ్ళో నమాజు చదివించే నియాజలి మొల్డొ పై చోట కూర్చుని మీగడలో రొట్టె అద్దుకుంటున్నాడు. మొల్డొ దుర్మార్గుడేం కాదు. వయసులో చిన్నవాడు, చదువుకున్నవాడు, మంచి గొంతు. తమ్ముడి భార్యంటే ఆ ఇంటికి కోడలే కాబట్టి ఉమ్సునై టీ పోస్తూ కూర్చుంది.

"విందు ఎక్కడ పెట్టాలన్నదే నా బాధ, మొల్డొకే," అన్నాడు సతిబల్ది. "వాడింట్లో పెడదామంటే ఆ పొయ్యి సంగతి మీకు తెలిసిందే కదా."

మొల్డొ రొట్టె నములుతూనే అన్నాడు: "మనుషుల అశుద్ధంలోంచి పుట్టిన మంట అది. దాని మీద వేయించిన వాసన పోయినవాళ్ళకు చేరదు."

ఉమ్సునై చేతిలో కెటిల్ వణికింది. టీ గిన్నె నిండి పొర్లింది.

"చేరదా?" అంది. "ఏడాది నుంచీ ప్రతి గురువారం వేయిస్తున్నానే."

"తెలియక చేశావు ఎజె, నీకు పాపం అంటదు," అన్నాడు మొల్డొ, అక్కను పిలిచినట్టు.

"నా పాపం సంగతి ఎవడిక్కావాలి? ఆయనకి చేరిందా, లేదా?"

మొల్డొ చెయ్యి గాల్లో తిప్పాడు. "అది దేవుడికే తెలియాలి," అని మళ్ళీ మీగడ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

అంతే. ఒక మనిషి ఏడాదిపాటు ఆకలితో వాకిట్లో నిలబడ్డాడని చెప్పి, ఆ చెప్పినవాడు రొట్టె ముగించాడు. ఉమ్సునైకి ఆ గిన్నె తీసి గోడకు కొట్టాలనిపించింది. కొట్టలేదు. నోట మాట రాలేదు. కొంగుతో టీ తుడిచి ఇంటికొచ్చేసింది.

ఆ గురువారం పిండి కలిపింది. ముక్కలు కోసింది. నూనె పోసి గ్యాస్ వెలిగించింది. నూనె కాగి కమ్మటి వాసన లేస్తుండగా ఆమెకు చెయ్యి ఆడలేదు. తలుపు తీస్తే ఆయన అక్కడే నిలబడి ఉంటే? ఇదిగో తిను అని, ఆయన తినలేనిదాన్ని మళ్ళీ ముఖం మీద పెట్టడమా? గ్యాస్ కట్టేసింది. తలుపు తియ్యలేదు. పిండి మీద గుడ్డ కప్పి కూర్చుంది. ఆ తర్వాతి గురువారాలు పొయ్యి దగ్గరికే వెళ్ళలేదు. ఎవరింట్లోనన్నా పిడకల మీద వేయించుకుందామా అని ఒకసారి అనుకుంది. వేరే ఇంట్లో వాసన వస్తే ఆ మనిషి దారి తప్పిపోడూ! పగలంతా కోపం, గురువారం సాయంత్రం భయం. ఆ నెలంతా ఆమె ఎవరితోనూ పోట్లాడకపోతే ఊరు, "పెద్దదైపోయింది, నెమ్మదించింది," అనుకుంది.

ఈసారి సతిబల్ది తనే వచ్చాడు. గుమ్మం లోపలికి రాలేదు.

"ఇదిగో కోడలా, విందు మా వాకిట్లో పెట్టిస్తున్నా. పిడకలు బోలెడున్నాయి. పెద్దమనుషులొస్తారు, నువ్విక మొండితనం చెయ్యకు."

"పిడకలు దేంతో చేస్తారు బావగారూ?"

"దేంతో ఏంటి, పేడతో."

"పేడ పనికొస్తుందా?"

"ఆవు గడ్డి తింటుందే! మనిషీ ఆవూ ఒకటా?"

"మీరేం తింటారు మరి, అంత కంపొస్తుంది? కొక్కెంతో లాగేదాన్ని నేను, నాకు తెలీదూ!"

సతిబల్ది ముఖం కందగడ్డైంది. "నీ నోటి వల్లే వాడు బతికినన్నాళ్ళూ గుమ్మం దగ్గర కూర్చున్నాడు!"

"మీ ముక్కుల వల్ల కూర్చున్నాడు," అంది ఉమ్సునై. "విందు ఇక్కడే. ఆయన ఇంట్లో, ఆయన మంట మీద. వచ్చేవాళ్ళు వస్తారు, రానివాళ్ళు పిడకల మంట కాచుకుంటారు."

అనేసింది గానీ లోపల భయం పోలేదు. జనం వచ్చి ఆ బోర్సోకులు తింటే మొల్డొ మాట పోతుంది, తన గురువారాలు నిలుస్తాయి. తినకపోతే తొలొగొన్ ఏడాదంతా పస్తున్నట్టే. అంతకంటే మధ్యేమార్గం ఆమెకు కనబడలేదు.

జనం వచ్చారు. మా ఊళ్ళో విందుకు రాకుండా ఉండేవాళ్ళెవరు! సతిబల్ది పట్టు వదలక వీధి అవతల తన బాణలి పెట్టించి, పిడకల మీద గుర్రం మాంసం వండించాడు. బోర్సోకులు మాత్రం ఉమ్సునై పొయ్యి మీదే వేగాయి. కొండ అవతలి నుంచి వచ్చిన కూతుళ్ళిద్దరూ తెల్లవారి లేచి వేయించారు. వాకిట్లో గుడారం వేశారు. ఆచారం ప్రకారం ఉమ్సునై నల్లబట్టలతో గుడారం లోపల గోడవైపు తిరిగి, వచ్చేవాళ్ళకు వీపు పెట్టి కూర్చుంది. విధవ అలా కూర్చుని, జనం లోపలికి వస్తుంటే శోకాలు పెట్టాలి. మొల్డొకు ఈ శోకాలంటే గిట్టదు, మతంలో లేదంటాడు. అయినా మొగుడి సంవత్సరీకం నాడు విధవ గొంతెత్తితే మధ్యలో ఆపే మగాడు మా లోయలో ఇంకా పుట్టలేదు.

పెద్ద కూతురు వచ్చి ఆమె చెవిలో చెప్పింది. "అమ్మా, ఎవరూ ముట్టట్లేదే. మాంసం పళ్ళేలు ఖాళీ అవుతున్నాయి. చక్కెర గడ్డలు, ఎండు ద్రాక్ష మూట కట్టుకుంటున్నారు. బోర్సోకులు పోసినవి పోసినట్టే ఉన్నాయి."

భోజనాలకు పరిచే దస్తర్‌ఖాన్ గుడ్డ మీద ముందు చెయ్యి పెట్టాల్సింది రొట్టె మీద, బోర్సోకూ రొట్టే. దారిన పోయేవాడు కూడా ఇంట్లోకి తొంగి చూస్తే ఒక ముక్క తుంపి నోట్లో వేసుకునే వెళ్తాడు. అలాంటి జనం గుట్టల కొద్దీ పోసిన బోర్సోకుల మీదుగా చేతులు చాపి మాంసం అందుకుంటున్నారు. ఉమ్సునై చేతులు వణకడం మొదలైంది. అప్పుడే మొల్డొ, సతిబల్ది, పై వీధి పెద్దలు గుడారంలోకి వచ్చి కూర్చున్నారు. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని గొంతెత్తింది.

"నా తొలొగొనా, నా దొరా!
ఊరు కడిగి పారబోస్తే ఆ నీళ్ళలో నిలబడ్డ దొరా!
నీ మంట మైలంట, విన్నావా నా దొరా?
నీ మంటకు వాళ్ళ పిల్లలు వెచ్చగా పడుకున్నారు,
నీ మంటకు కాగిన నీళ్ళతో శుక్రవారం స్నానాలు చేశారు,
నీ బోర్సోకు మాత్రం చేదంట నా దొరా!"

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన దగ్గాడు. ఇంతవరకూ వాళ్ళు భరించగలిగిందే. ఉమ్సునై గొంతు ఇంకా పైకి లేచింది. అప్పటిదాకా ఆమెకే తట్టని సంగతి ఆ శోకంలో తన్నుకొచ్చింది.

"నువ్వు పోయిన పొద్దున నిన్ను కడిగారు నా దొరా!
కడిగిన నీళ్ళు ఏ మంట మీద కాగాయి నా దొరా?
మీ అన్న మోసిన బకెట్టు ఏ పొయ్యి మీంచి దిగింది?
మంట మైలైతే నీళ్ళు మైల,
నీళ్ళు మైలైతే నిన్ను కడగనే లేదు,
కడగని నిన్ను ముందు పెట్టి నమాజు చదివిందెవరు నా దొరా?
మైలతోనే మట్టిలో పెట్టారా నా దొరా!
లేచిరా, మళ్ళీ కడుగుతాను,
ఏ మంట మీద కాచాలో మొల్డొకేని అడిగి కాస్తాను!"

బయట బాణలి దగ్గరున్నవాళ్ళు గరిటెలు వదిలేసి గుమ్మం దగ్గర మూగారు. నమాజు చదివింది నియాజలి మొల్డొ. వెనక వరసల్లో నిలబడింది ఈ పెద్దలంతా. నీళ్ళు మోసింది సతిబల్ది.

"కోడలా, ఇక చాలించు," అన్నాడు సతిబల్ది.

ఉమ్సునై చాలించింది. ఆచారం తప్పి, గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

"శోకం అయిపోయింది బావగారూ. ఇప్పుడు మామూలుగా అడుగుతున్నా. చెప్పండి మొల్డొకే. ఆ రోజు మీరు చదివిన నమాజు చెల్లిందా, లేదా?"

మొల్డొ ముఖం పాలిపోయింది. తప్పించుకునే మాటలు అతనికి రాకపోవు. కానీ ఒక శవం గురించి అబద్ధం చెప్పే రకం కాదు, అంత మాత్రం ఒప్పుకోవాలి.

"చెల్లింది," అన్నాడు. "నీళ్ళు శుద్ధమైనవే."

"మంట?"

"మంట కూడా. నేను ఆలోచించకుండా అన్నాను ఎజె. ఎవరో అడిగారని నోటికొచ్చింది అనేశాను."

చెయ్యి చాపి ఒక బోర్సోకు తీసుకుని, బిస్మిల్లా అని నోట్లో వేసుకున్నాడు. పక్కనున్నాయన వెంటనే రెండు తీసుకున్నాడు. ఆ తర్వాత చేతులన్నీ కదిలాయి. ఇందాక పాము పిల్లల్ని చూసినట్టు చూసినవాళ్ళే ఇప్పుడు నాకు నాకని తీసుకున్నారు. బయటికి కబురు పాకింది, అక్కడా తినడం మొదలైంది. ఎవరో నవ్వారు కూడా. సతిబల్ది బుగ్గ నిండా కుక్కుకుని, "చూశావా, ఇంతోటి దానికి ఎంత రభస చేశావు! అయిపోయింది, అందరం తిన్నాం," అన్నాడు.

"బాగా వేగాయి ఎజె," అన్నాడు మొల్డొ మర్యాదగా, ఇంకోటి అందుకుంటూ.

కూతుళ్ళిద్దరూ తల్లి ముఖంలోకి చూశారు. గెలిచింది కదా, చల్లబడుతుందనుకున్నారు. ఉమ్సునై లేచి నిలబడింది. చేతులు ఇందాకటికంటే ఎక్కువ వణుకుతున్నాయి.

"ఆలోచించకుండా అన్నావు," అంది. ఆమె మొల్డొను నువ్వు అనడం అదే మొదలు. "నువ్వు ఆలోచించకుండా అన్నావు, నేను నమ్మాను. ఆ రోజు నుంచీ గురువారాలు నేను పొయ్యి వెలిగించలేదు. తలుపేసుకుని కూర్చున్నాను. ఆయన వచ్చే ఉంటాడు. ఏడాదంతా వచ్చినవాడు రాకుండా ఎలా ఉంటాడు? వాకిట్లో నిలబడి ఉంటాడు. వాసన లేదు, దీపం లేదు, తలుపు మూసుంది. ఆయన తలుపు తట్టే మనిషి కాదు. నేను కూడా ముక్కు మూసుకున్నాననుకుని వెళ్ళిపోయి ఉంటాడు."

ఎవరూ నమలడం లేదు.

"నువ్వు తిన్నావు, నీ మాట వెనక్కి తీసుకున్నావు. బాగుంది. ఆ గురువారాలు నాకెవరిస్తారు?"

మొల్డొ బోర్సోకు పట్టుకున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఉమ్సునై జవాబు కోసం అలాగే నిలబడింది.